ఫ్యూయల్ ప్రెషర్ పెంచాలా, ఇంజెక్టర్లు మార్చాలా: మాడిఫై చేసిన కారుకి ఏది సరిపోతుంది?

టర్బో కారుకి రీమ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ లెక్కలు మార్చడం) చేయించుకున్నవాళ్ళకి, ఆ తర్వాత ఇంకాస్త పెద్ద టర్బో పెడదామనుకునేవాళ్ళకి ఈ చిక్కు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. డేటా లాగ్ తీస్తే 6,000 ఆర్‌పీఎమ్ దాటాక మిక్స్చర్ లీన్ అవుతుంటుంది, అంటే గాలికి సరిపడా పెట్రోలు అందదు. ఇంజెక్టర్ డ్యూటీ, అంటే ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే సమయం వాటా, 95 శాతం చూపిస్తుంటుంది. ఇంధన ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ మార్చమంటూ ఒక ట్యూనర్ "4 బార్ రెగ్యులేటర్ వేసేయండి, సరిపోతుంది" అంటాడు. ఇంకో ఆయన "ఇంజెక్టర్లు మార్చాల్సిందే" అంటాడు. మూడో ఆయన పంపు మీద అనుమానం పడతాడు. ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. మీ బండి విషయంలో ఎవరిది నిజమో తేలాలంటే మాత్రం గేజ్ పెట్టి చూడాలి, కాస్త లెక్క వేయాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రెషర్ పెంచడం చిన్న లోటు పూడ్చుకోవడానికి మంచి మార్గం. పెద్ద పవర్ కావాలంటే అది దారి కాదు. కొలవకుండా అయితే ఏ పార్టూ కొనొద్దు, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే లీన్ మిక్స్చర్‌తో పిస్టన్ పోతుంది. మిగతాదంతా దీనికి కారణాలు, ఎవరికి ఏది నప్పుతుందన్న వివరాలు.

ఉదాహరణకి మన దగ్గర చాలామంది ముచ్చటపడి దాచుకున్న పాత స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్‌ని, అంటే 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్‌ని తీసుకుంటున్నాను. దానిది పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి కాక, గాలి వచ్చే దారిలో చిమ్మే పద్ధతి), ఇక్కడ అమ్మినప్పుడు 150 హార్స్‌పవర్. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వాడిన ఈ ఇంజిన్‌కి 3 బార్ రెగ్యులేటర్ తీసి 4 బార్‌ది వేయడం ప్రపంచమంతటా పాతుకుపోయిన అలవాటు. అందుకే పోలికకి ఇంతకంటే మంచి బండి దొరకదు.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, ప్రెషర్‌కీ ఫ్లోకీ ఉన్న సంబంధం. ప్రెషర్ రెట్టింపు చేస్తే పెట్రోలు రెట్టింపు రాదు. ఇంజెక్టర్ గుండా వెళ్ళే ఇంధనం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. సూత్రం ఇంతే:

కొత్త ఫ్లో = పాత ఫ్లో × √(కొత్త ప్రెషర్ ÷ పాత ప్రెషర్)

3 బార్ నుంచి 4 బార్‌కి వెళ్తే ప్రెషర్ 33 శాతం పెరిగింది, ఫ్లో పెరిగింది 15.5 శాతమే. 3 నుంచి 6కి, అంటే సరిగ్గా రెట్టింపుకి వెళ్ళినా వచ్చే లాభం 41 శాతం. పైకి వెళ్ళేకొద్దీ ఒక్కో బార్‌కి దక్కేది తగ్గుతూ పోతుంది, పంపు మీద పడే భారం మాత్రం తగ్గదు.

రెండోది, ఏ ప్రెషర్ గురించి మాట్లాడుతున్నామన్నది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఇంజెక్టర్‌కి రెయిల్‌లో (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో) ఎంత ప్రెషర్ ఉందన్నది ఒక్కటే చాలదు. దాని ముక్కు మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) ఉంటుంది కాబట్టి రెయిల్ ప్రెషర్‌లోంచి మ్యానిఫోల్డ్ ప్రెషర్ తీసేస్తే మిగిలే తేడాయే అసలు లెక్క. ఐడిల్‌లో మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఉంటుంది, అది ఇంధనాన్ని లాగుతుంది. బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి ఒత్తిడి) వచ్చాక మ్యానిఫోల్డ్‌లో గాలి ఎదురు తోస్తుంది. అందుకే రెగ్యులేటర్‌కి ఒక చిన్న వ్యాక్యూమ్ పైపు ఉంటుంది. 3 బార్ రెగ్యులేటర్ ఉన్న బండిలో ఐడిల్‌లో ఆ పైపు తగిలించి ఉంటే గేజ్ 2.4, 2.5 బార్ దగ్గర నిలబడుతుంది. పైపు పీకేస్తే 3కి లేస్తుంది. 1 బార్ బూస్ట్ వద్ద 4 చూపించాలి. పైపు తగిలించి ఉన్నంతసేపు ఐడిల్‌లోనైనా బూస్ట్‌లోనైనా తేడా మాత్రం 3 బారే.

ఈ పైపు లేని బండ్లు కూడా చాలా ఉన్నాయి. రెగ్యులేటర్‌ని ట్యాంకులోనే పంపు పక్కన పెట్టి, మిగిలిన పెట్రోలుని ఇంజిన్ దగ్గర్నుంచి ట్యాంకుకి తెచ్చే రిటర్న్ లైన్ తీసేసిన రిటర్న్‌లెస్ సిస్టమ్‌లు అవి. మామూలుగా వాడే పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో ఇప్పుడు ఇదే ఎక్కువ. వాటిలో రెయిల్ ప్రెషర్ స్థిరం. అలాంటి ఇంజిన్‌కి టర్బో తగిలించి 1 బార్ బూస్ట్ ఇస్తే, 4 బార్ రెయిల్ మీద అసలు తేడా 3 బార్‌కి పడిపోతుంది, ఫ్లో 13 శాతం తగ్గుతుంది. సరిగ్గా ఎక్కువ ఇంధనం కావాల్సిన చోటే తక్కువ వస్తుందన్నమాట.

మూడోది డ్యూటీ సైకిల్. 7,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక ఇంజిన్ సైకిల్‌కి పట్టే సమయం 17.1 మిల్లీసెకన్లు. అందులో ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే భాగాన్ని 85 శాతం లోపే ఉంచాలన్నది ట్యూనర్లు పాటించే గీత, అంటే సుమారు 14.5 మిల్లీసెకన్లు. అది దాటితే ఇంజెక్టర్ పూర్తిగా మూసుకునే వ్యవధి ఉండదు, ఎంత ఇంధనం పడుతోందో అంచనా తప్పుతుంది.

నాలుగోది పంపు, దాని గురించి తర్వాత విడిగా చెప్తాను. ఐదోది, మార్పు జరిగిందని ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) తెలుసా లేదా అన్నది. ఆరోది ఇంధనం, మన దగ్గర ఇప్పుడు దీన్ని పట్టించుకోకుండా లెక్క వేయలేం.

ఇంధనం లెక్క: ఈ20 సంగతి

మన బంకుల్లో ఇప్పుడు దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ కలపని పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక వంతు ఇంధనానికి 14.7 వంతుల గాలి కావాలి. ఈ20కి 13.5 చాలు. మరోలా చెప్పాలంటే, అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. పదేళ్ళ క్రితం మంచి పెట్రోలు మీద ట్యూన్ చేసి, ఇంజెక్టర్ డ్యూటీ 83 శాతం దగ్గర బాగానే ఉందనుకున్న బండి, ఏ పార్టూ మార్చకుండానే ఇవాళ 90 శాతం దగ్గరికి వచ్చేస్తుంది.

4 బార్ రెగ్యులేటర్ తెచ్చే 15 శాతం లాభంలో సగానికి పైగా ఇంధనం మార్పే తినేస్తోందని దీనర్థం. విదేశీ ట్యూనింగ్ లెక్కల్ని చూసి ఇక్కడ అదే పవర్ ఆశించేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. పాత బండ్లలో రబ్బరు పైపులు, ఓ-రింగులు ఇథనాల్‌కి తట్టుకునేలా చేసినవి కాకపోవచ్చు. ప్రెషర్ పెంచుతూ పాత పైపుల్నే ఉంచడం ప్రమాదం, ఎందుకంటే వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్మితే మంటే.

అంకెల్లో చూస్తే

3 బార్ వద్ద నిమిషానికి 315 సీసీ ఇచ్చే ఇంజెక్టర్లు నాలుగు ఉన్నాయనుకుందాం. ఆ 1.8 టర్బోల్లో చాలావాటి స్టాక్ సైజు దీనికి దగ్గర్లోనే ఉంటుంది. టర్బో పెట్రోల్ ఇంజిన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 270 గ్రాముల ఇంధనం, డ్యూటీ 85 శాతం అనుకుంటే:

| ప్రెషర్ తేడా | ఫ్లో మార్పు | ఒక్కో ఇంజెక్టర్ ఫ్లో | పెట్రోలుపై మోయగల పవర్ | ఈ20పై |
|---|---|---|---|---|
| 3.0 బార్ | – | 315 సీసీ | 170 హెచ్‌పీ | 157 హెచ్‌పీ |
| 3.5 బార్ | +8% | 340 సీసీ | 184 హెచ్‌పీ | 170 హెచ్‌పీ |
| 4.0 బార్ | +15.5% | 364 సీసీ | 196 హెచ్‌పీ | 181 హెచ్‌పీ |
| 5.0 బార్ | +29% | 407 సీసీ | 219 హెచ్‌పీ | 203 హెచ్‌పీ |
| 6.0 బార్ | +41% | 445 సీసీ | 240 హెచ్‌పీ | 222 హెచ్‌పీ |

మీ బండికి సొంతంగా వేసుకోవాలంటే ఒక సులువైన లెక్క ఉంది. నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్ అయితే కావాల్సిన హార్స్‌పవర్‌ని 1.85తో హెచ్చవేయండి, ఒక్కో ఇంజెక్టర్ ఎన్ని సీసీ ఇవ్వాలో వస్తుంది. ఈ20 అయితే దానికి ఇంకో 8 శాతం కలపండి. ఇవి క్రాంక్ దగ్గరి హార్స్‌పవర్‌లు, చక్రాల దగ్గర డైనో (పవర్ కొలిచే యంత్రం) చూపించేవి కావు.

పట్టికలో కింది రెండు వరుసలు కాగితం మీద బాగుంటాయి. ఎందుకు వాటి జోలికి పోకూడదో ఇప్పుడు చూద్దాం.

మొదటి ఆప్షన్: 4 బార్ రెగ్యులేటర్

ఖర్చు అన్నిటికంటే తక్కువ. పని కూడా చిన్నది: రెయిల్ చివర ఉన్న క్లిప్ లాగి, పాతది తీసి, ఓ-రింగులకి కాస్త నూనె రాసి కొత్తది నొక్కడమే. కొనే ముందు మీ రెగ్యులేటర్ ఒంటి మీద చూడండి. బాష్ వాటిమీద భాగం నంబరుతో పాటు 3.0 బార్ అనో 4.0 బార్ అనో చెక్కి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి ఇంతకుముందు ఓనర్ 4 బార్ వేసేసి ఉంటే, అదే మళ్ళీ కొనుక్కొచ్చి పవర్ రాలేదని బాధపడాల్సి వస్తుంది.

దీని అసలు చిక్కు ఈసీయూ. ప్రెషర్ పెరిగిందని దానికి తెలియదు. ఎప్పటిలాగే పల్స్ ఇస్తుంది, 15 శాతం ఎక్కువ ఇంధనం పడుతుంది. నిదానంగా తోలుతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ అది గమనించి తగ్గిస్తుంది, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ చేసుకునే సవరణ) మైనస్ 13 శాతం దగ్గర స్థిరపడుతుంది. స్కాన్ టూల్‌లో ఈ అంకె కనిపిస్తే లెక్క సరిగ్గా పనిచేస్తోందని అర్థం. ఫుల్ త్రాటిల్ కథ వేరు. అక్కడ చాలా పాత ఈసీయూలు సెన్సర్ మాట వినవు, మ్యాప్‌లో ఉన్నది గుడ్డిగా పోస్తాయి. నేర్చుకున్న ట్రిమ్ అక్కడ ఎంతవరకు వర్తిస్తుందో ఒక్కో ఈసీయూది ఒక్కో తీరు.

అందుకని రెగ్యులేటర్ మారిస్తే ఫైల్ కూడా మారాలి. బాష్ ఎంఈ7 ఈసీయూల్లో ఇంజెక్టర్ సైజుని చెప్పే కేఆర్‌కేటీఈ అనే ఒక స్థిరాంకం ఉంటుంది. 3 నుంచి 4 బార్‌కి దాన్ని 0.866తో గుణించాలి. దానితో పాటు టీవీయూబీ అనే పట్టిక ఉంటుంది, ఇంజెక్టర్ కరెంట్ అందుకున్నాక నిజంగా తెరుచుకోవడానికి పట్టే సమయం అది. బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఆ సమయం పెరుగుతుంది. ప్రెషర్ పెరిగినా పెరుగుతుంది, సూది వెనక తోసే బలం ఎక్కువవుతుంది కాబట్టి. మీ ట్యూనర్ ఈ రెండూ ముట్టుకోకుండా "ఈసీయూ తనంతట తానే సర్దుకుంటుంది" అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

మంచి విషయం కూడా ఒకటుంది. స్టాక్ ఇంజెక్టర్లు అలాగే ఉంటాయి కాబట్టి స్ప్రే పద్ధతి, ఐడిల్, మైలేజీ పెద్దగా చెడవు. ప్రెషర్ పెరిగినందుకు తుంపర్లు కాస్త సన్నబడతాయి కూడా. స్టేజ్ 1, అంటే మొదటి స్థాయి రీమ్యాప్‌తో 180 దగ్గర ఆగిపోయేవాళ్ళకి ఇంతకంటే ఏమీ అక్కర్లేదని నా నమ్మకం.

రెండో ఆప్షన్: అడ్జస్టబుల్ రెగ్యులేటర్

తల మీద స్క్రూ, పక్కన గేజ్ ఉన్న రెగ్యులేటర్లివి. మంచి కంపెనీది అయితే బూస్ట్ ఒక బార్ పెరిగితే రెయిల్ ఒక బార్ పెరుగుతుంది, అంటే ఒకటికి ఒకటి. 3.3, 3.6 లాంటి మధ్య అంకెలు పెట్టుకోవచ్చు. పెద్ద పంపు వేసినవాళ్ళకి, రిటర్న్‌లెస్ నుంచి రిటర్న్ సిస్టమ్‌కి మారేవాళ్ళకి ఇవి తప్పనిసరి.

ఆ స్క్రూతో ట్యూనింగ్ చేసే అలవాటు మాత్రం మానాలి. "కొంచెం లీన్ ఉంది, పావు తిప్పు తిప్పు" అనే పద్ధతిలో ప్రెషర్ మార్చేస్తే, ప్రతి ఆర్‌పీఎమ్‌లోనూ ప్రతి లోడ్‌లోనూ మిక్స్చర్ కదిలిపోతుంది. ప్రెషర్ ఒకసారి పెట్టి, లాక్ నట్ బిగించి, పెయింట్ గుర్తు వేసేయాలి. మిగతా ట్యూనింగ్ అంతా ఈసీయూలోనే. చవకరకం నకిలీలు మార్కెట్లో కుప్పలుగా ఉన్నాయి. వాటిలో డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా వ్యాక్యూమ్ పైపులోంచి మ్యానిఫోల్డ్‌లోకి పోతుంది. ఆ పైపు పీకి ముక్కు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు వాసన వస్తే రెగ్యులేటర్ పోయినట్టే.

మూడో ఆప్షన్: రైజింగ్ రేట్ రెగ్యులేటర్

ఈసీయూని తెరిచి రాయడం సాధ్యంకాని రోజుల్లో పుట్టిన ఉపాయం ఇది. బూస్ట్ ఒకటి పెరిగితే రెయిల్ ప్రెషర్ ఎనిమిదో పన్నెండో పెంచుతుంది. అమెరికాలో పాత మస్టాంగ్, మియాటాల బోల్ట్-ఆన్ కిట్లు దీనిమీదే నడిచాయి. లెక్క చూడండి: బేస్ 3 బార్, ఎనిమిదికి ఒకటి నిష్పత్తి, అర బార్ బూస్ట్. రెయిల్ 7 బార్‌కి ఎగబాకుతుంది, అసలు తేడా 6.5 బార్, ఫ్లో 47 శాతం పెరుగుతుంది. ఆ ప్రెషర్‌కి పంపు అలసిపోతుంది, పాత ఇంజెక్టర్ల కాయిల్‌కి సూదిని ఎత్తే శక్తి చాలదు. ఇవాళ ఈసీయూ రాయగలిగే బండి ఏదైనా సరే, దీన్ని ఎంచుకోవడానికి ఒక్క కారణం కూడా నాకు కనిపించదు.

నాలుగో ఆప్షన్: పెద్ద పంపు

పెద్ద పంపు వేస్తే ఎక్కువ పెట్రోలు వస్తుందన్నది చాలామంది నమ్మకం. ఉన్న పంపు చాలుతుంటే అది నిజం కాదు. రిటర్న్ సిస్టమ్‌లో ప్రెషర్ నిర్ణయించేది రెగ్యులేటర్, మిగిలిన పెట్రోలంతా తిరిగి ట్యాంకుకే పోతుంది. ఇంజెక్టర్ దగ్గర ఒక్క చుక్క కూడా పెరగదు.

అదే పంపు చాలకపోతే, ఇంకేం మార్చినా లాభం లేదు. పొలంలో బోరు లోతు పెరిగేకొద్దీ అదే మోటారు తక్కువ నీళ్ళు పోసినట్టు, ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు ఇచ్చే లీటర్లు తగ్గుతాయి. అందరూ వాడే వాల్‌బ్రో 255 అన్న అంకె సుమారు 40 పీఎస్ఐ దగ్గర గంటకి ఇచ్చే లీటర్లు, అంటే 2.75 బార్. 4 బార్ రెగ్యులేటర్, దానిపైన 1.2 బార్ బూస్ట్ కలిపితే పంపు నెట్టాల్సింది 5.2 బార్ మీద. అక్కడ 255 రానే రాదు. వోల్టేజి కూడా చూడండి. పాత వైరింగ్‌లో పంపు దగ్గరికి 13.5కి బదులు 12 వోల్టులే చేరుతుంటే ఫ్లో ఇంకా పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా మందమైన వైరు, ఫ్యూజు, రిలే వేయించడం తక్కువ ఖర్చులో దక్కే మంచి లాభం. కొత్త పంపు కొనే ముందు ఇదీ, ఫ్యూయల్ ఫిల్టరూ చూసుకోవడం నయం.

మరీ పెద్దది వేసినా చిక్కే. ఐడిల్‌లో ఇంజిన్ తాగేది కొంచెం, మిగతా ప్రవాహమంతా చిన్న రిటర్న్ పైపులోంచి పోవాలి. అది పట్టకపోతే ఐడిల్‌లో ప్రెషర్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. గేజ్ 2.5 బదులు 3.2 చూపిస్తుంటే కారణం చాలాసార్లు ఇదే.

ఐదో ఆప్షన్: పెద్ద ఇంజెక్టర్లు

200 హార్స్‌పవర్ దాటాలనుకుంటే చివరికి వచ్చి చేరేది ఇక్కడికే. 220 హార్స్‌పవర్‌కి ఈ20 మీద 440 సీసీ కావాలి. ముందు ముందు ఇంకాస్త పవర్ పెంచాలన్న ఆలోచన ఉంటే 550 సీసీ తరహా తీసుకోవచ్చు. 3 బార్ మామూలు ప్రెషర్‌లోనే పని జరిగిపోతుంది, పంపు హాయిగా ఉంటుంది, డ్యూటీ 60, 70 శాతంలో ఉంటుంది.

కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఈ సీసీ ఏ ప్రెషర్ దగ్గర?" అందరూ ఒకే ప్రెషర్ దగ్గర కొలవరు. బాష్ తరహా అంకెలు ఎక్కువగా 3 బార్ దగ్గరివి. ఫోర్డ్ వాటి రేటింగ్ సుమారు 2.7 బార్ దగ్గరిది, జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ ఇంజిన్లవి 4 బార్ దగ్గరివి. 4 బార్ దగ్గర 550 అని రాసిన ఇంజెక్టర్ మీ 3 బార్ రెయిల్ మీద 476 సీసీయే ఇస్తుంది. పై లెక్కనే తిరగేస్తే ఈ అంకె వస్తుంది.

రెండో ప్రశ్న డెడ్ టైమ్ పట్టిక, అంటే ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం అంకెలు. ఇంజెక్టర్‌తో పాటు వేర్వేరు వోల్టేజిలకి, వీలైతే వేర్వేరు ప్రెషర్‌లకి ఆ అంకెలు ఇవ్వలేని అమ్మకందారు దగ్గర కొనొద్దు. ఇది ఎందుకంత ముఖ్యమో ఐడిల్‌లో తెలుస్తుంది. పెద్ద ఇంజెక్టర్ ఐడిల్‌లో తెరుచుకునేది 2 మిల్లీసెకన్ల కంటే తక్కువ, అందులో దాదాపు ఒక మిల్లీసెకను తెరుచుకోవడానికే పోతుంది. అక్కడ 0.1 మిల్లీసెకను తప్పు పడితే మిక్స్చర్ చాలా శాతం అటూ ఇటూ అవుతుంది. ఏసీ వేయగానే బండి ఊగడం, ట్రాఫిక్‌లో ఆగిపోవడం, పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, ఇవన్నీ ఎక్కువగా ఈ పట్టిక తప్పు వల్లే వస్తాయి, ఇంజెక్టర్ పెద్దదైనందుకు కాదు. ఈవీ14 తరం బాష్ ఇంజెక్టర్లు ఈ విషయంలో పాత లావుపాటి ఈవీ1ల కంటే ఎంతో మెరుగు. 8 బార్ దాకా పనిచేసేలా తయారయ్యాయి కూడా. కనెక్టర్, పొడవు, ఓ-రింగ్ సైజు మీ రెయిల్‌కి సరిపోతాయో లేదో మాత్రం చూసుకోవాలి.

వాడిన ఇంజెక్టర్లు తీసుకుంటే నాలుగింటినీ అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేయించి, ఫ్లో బెంచ్ మీద పక్కపక్కన కొలిపించండి. నాలుగు గాజు గొట్టాల్లో మట్టం కళ్ళెదుటే కనిపిస్తుంది. ఒకటి మిగతా వాటికంటే 5 శాతం వెనకబడితే, ఆ సిలిండర్ ఒక్కటే లీన్‌గా నడుస్తుంది. ఎగ్జాస్ట్‌లో ఉన్న ఒకే ఒక్క సెన్సర్ నాలుగింటి సగటు చూపిస్తుంది, ఆ ఒక్క సిలిండర్ బాధ దానికి తెలియదు.

పక్కపక్కన పెడితే

| ఆప్షన్ | లాభం | ఖర్చు | ఈసీయూ పని | పంపు మీద భారం |
|---|---|---|---|---|
| 4 బార్ రెగ్యులేటర్ | 15% | చాలా తక్కువ | తప్పనిసరి, చిన్నది | పెరుగుతుంది |
| అడ్జస్టబుల్, 1:1 | పెట్టుకున్నంత | మధ్యస్థం | తప్పనిసరి | ప్రెషర్‌ని బట్టి |
| రైజింగ్ రేట్ | 40% పైన | మధ్యస్థం | లేకుండా నడపాలన్నదే ఉద్దేశం | విపరీతం |
| పెద్ద పంపు మాత్రమే | లోటు ఉంటేనే | మధ్యస్థం | సాధారణంగా లేదు | – |
| పెద్ద ఇంజెక్టర్లు | కావాల్సినంత | ఎక్కువ | పూర్తి ట్యూన్ | ప్రెషర్ పెరగదు, లీటర్లు పెరుగుతాయి |

మీరు ఏ కోవలో ఉన్నారు?

రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళే టర్బో కారు, స్టేజ్ 1 రీమ్యాప్ వరకే. ముందు లాగ్ తీయండి. డ్యూటీ 85 లోపే ఉంటే ఏమీ కొనక్కర్లేదు. దాటితే 4 బార్ రెగ్యులేటర్, దానికి తగ్గ ఫైల్.

పెద్ద టర్బో, 220కి పైన. ఇంజెక్టర్లు, పంపు, వైరింగ్ ఒకేసారి చేయించండి. ముందు రెగ్యులేటర్‌తో నెట్టుకొచ్చి తర్వాత ఇంజెక్టర్లు మారిస్తే రెండుసార్లు ట్యూనింగ్ ఖర్చు, మొత్తం తడిసి మోపెడవుతుంది.

టర్బో లేని ఇంజిన్‌కి క్యామ్, హెడర్, ఇన్‌టేక్ వేసినవాళ్ళు. స్విఫ్ట్ కావచ్చు, హోండా వీటెక్ కావచ్చు, ఈ మార్పులతో పెరిగే పవర్‌కి సాధారణంగా స్టాక్ ఇంజెక్టర్లే చాలుతాయి. ప్రెషర్ పెంచితే పవర్ పెరగదు. ఉన్న మిక్స్చర్ రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు ఎక్కువవుతుంది, మైలేజీ పోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. డబ్బు ట్యూనింగ్ మీద పెట్టండి.

టర్బో లేని రిటర్న్‌లెస్ ఇంజిన్‌కి టర్బో కిట్. ఇక్కడ ఎంపిక రెండు రకాలు. బూస్ట్ రిఫరెన్స్ ఉన్న రెగ్యులేటర్‌తో రిటర్న్ లైన్ వేయించడం ఒకటి. రెయిల్ స్థిరంగానే ఉంచి, మ్యానిఫోల్డ్ ప్రెషర్‌ని బట్టి ఫ్లో తగ్గుదలని ఈసీయూలో లెక్కకట్టి, ఆ మేరకు పెద్ద ఇంజెక్టర్లు వేయడం రెండోది. స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది తీసేసి వేసుకునే, పూర్తిగా మనం రాసుకోగల కంప్యూటర్) ఉంటే రెండోది తేలిక, లీకయ్యే జాయింట్లు తక్కువ. నేనైతే దాని వైపే మొగ్గుతాను.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో వెళ్ళేవాళ్ళు. రోడ్డు మీద ఫుల్ త్రాటిల్ కొన్ని సెకన్లే, ట్రాక్ మీద ల్యాప్ తర్వాత ల్యాప్ అదే పని. పంపు వేడెక్కుతుంది, ట్యాంకులో పెట్రోలు వేడెక్కుతుంది, మలుపులో పెట్రోలు పక్కకి జరిగి పంపు గాలి పీలుస్తుంది. డ్యూటీ 75 దాటకుండా ఇంజెక్టర్లు ఎంచుకోండి, ట్యాంకు సగం కంటే తగ్గనీయకండి.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఇంధనం) మీద నడపాలనుకుంటే ప్రెషర్ ఒక్కదానితో పని కాదు. దానికి గాలి నిష్పత్తి 9.8 దగ్గర ఉంటుంది కాబట్టి ఇంధనం 40 శాతానికి పైగా ఎక్కువ కావాలి. ఇంజెక్టర్లు, పంపు రెండూ మారాల్సిందే. కాలిఫోర్నియాలో ఉంటే పార్టుకి ఆ రాష్ట్ర ఆమోదం ఉందో లేదో కొనకముందే చూసుకోవాలి. ఇక్కడ మన దగ్గరా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చి రోడ్డు మీద తిప్పితే ఇబ్బందే, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

డైరెక్ట్ ఇంజెక్షన్, డీజిల్ బండ్లకి

పోలో జీటీ టీఎస్ఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లకి పై ఆప్షన్లు వర్తించవు. అక్కడ ప్రెషర్ 100 బార్‌ని దాటి ఉంటుంది, దాన్ని ఈసీయూయే సెన్సర్ చూస్తూ నడుపుతుంది. వర్గమూలం లెక్క మాత్రం అదే. రెగ్యులేటర్ మార్చడం కాదు, ఫైల్‌లో టార్గెట్ ప్రెషర్, అది చాలకపోతే హై ప్రెషర్ పంపు.

మన ఊళ్ళలో ఎక్కువగా అమ్ముడయ్యేది డీజిల్‌కి తగిలించే ట్యూనింగ్ బాక్స్. చవక బాక్సుల్లో చాలావరకు చేసేది ఒకటే పని: రెయిల్ ప్రెషర్ సెన్సర్ సిగ్నల్‌ని తగ్గించి చూపించి, ఈసీయూ చేత ప్రెషర్ పెంచిస్తాయి. 1,600 బార్‌కి తయారైన కామన్ రెయిల్‌ని 10 శాతం పెంచితే ఫ్లోలో వచ్చేది 5 శాతం లోపే. పంపూ ఇంజెక్టర్లూ మాత్రం అవి తయారైన హద్దు దాటి పనిచేయాలి, నిజం ప్రెషర్ ఎంతో ఈసీయూకి తెలియదు. డీజిల్‌కి నేరుగా ఈసీయూ రీమ్యాప్ చేయించుకోవడమే మేలు, అందులో టార్క్ లిమిట్, బూస్ట్, ఇంజెక్షన్ టైమింగ్ అన్నీ ఒకదానికొకటి తెలిసి మారతాయి.

కొలిచే పద్ధతి

రెయిల్ మీద ఎలక్ట్రానిక్ ప్రెషర్ సెన్సర్ పెట్టించండి. పెట్రోలు పైపుని గేజ్ కోసం క్యాబిన్‌లోకి మాత్రం తేవద్దు. ఆ సెన్సర్, బూస్ట్, వైడ్‌బ్యాండ్ (మిక్స్చర్ కచ్చితంగా కొలిచే ఆక్సిజన్ సెన్సర్), ఇంజెక్టర్ పల్స్, ఆర్‌పీఎమ్, ఈ ఐదూ ఒకే లాగ్‌లోకి రావాలి. డైనో మీద గానీ ట్రాక్ మీద గానీ మూడో గేర్‌లో కింది నుంచి రెడ్‌లైన్ దాకా ఒక పుల్ చాలు.

లాగ్‌లో రెయిల్ ప్రెషర్‌లోంచి బూస్ట్ తీసేసి గీత గీయండి. గీత చివరిదాకా అడ్డంగా, 3 బార్ దగ్గరే ఉండి, డ్యూటీ 85 దాటితే లోటు ఇంజెక్టర్‌ది. గీత 5,500 తర్వాత 2.8, 2.6 అని కిందికి జారితే లోటు పంపుది, లేదా ఫిల్టర్‌ది, వైరింగ్‌ది. అప్పుడు 4 బార్ రెగ్యులేటర్ వేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది, పంపుని ఇంకా గట్టి ప్రెషర్ మీదికి తోస్తున్నారు కాబట్టి. గీత మొదటి నుంచీ బూస్ట్ ఎంత పెరిగితే అంత పడిపోతుంటే రెగ్యులేటర్ వ్యాక్యూమ్ పైపు ఊడిందో చిట్లిందో చూడండి. రెండు అంగుళాల రబ్బరు ముక్కతో అయిపోయే పని అది.

ఏ పార్టు వేసినా ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, పంపు రెండుమూడుసార్లు ప్రైమ్ అవనిచ్చి, ప్రతి జాయింట్‌నీ టార్చి వేసి పొడి టిష్యూతో తుడిచి చూడండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. ఇంజిన్ వేడెక్కాక ఇంకోసారి, మర్నాడు ఇంజిన్ చల్లారి ఉన్నప్పుడు మరోసారి చూడండి.